గాల్ఫ్ బయల్లో మిరపకాయలు

ఎవడో నాగక్క మిరపకాయలు మూట కడుతున్నాడు.

ఇంటికెళ్ళి రొట్టె తిని వస్తున్న ఆమెకు దూరం నుంచే ఆ వంగిన నడుము కనబడింది. కాళ్ళకు బూట్లు, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. ఊరి మనిషి కాదు.

"ఏయ్, ఎవురప్పా నువ్వు? నా కాయలతో నీకేం పని?"

అతను తలెత్తలేదు. ఆమె టార్పాలిన్ పట్టనే సగం పరిచి, దాని మీదికి రెండు చేతులా కాయలు తోస్తున్నాడు.

అది కురుగోడుకు ఆవల, పాత కోట గుట్ట కింద ఉన్న గాల్ఫ్ మైదానం. దొరలు తెచ్చిన ఆట, దొరలు పోయినా ఊరిని వదల్లేదు. దానికి గేటు లేదు, కావలి లేదు. ట్రాక్టరు తోలేవాడైనా, బడి పంతులైనా, కర్ర పట్టినవాడే ఆటగాడు.

ఆ నేలలో గడ్డి బతకదు. అందుకే బంతి పడాల్సిన గుంతల చుట్టూ ఎర్రమట్టి పోసి, తడిపి, రోలరు దొర్లించి గట్టి చేస్తారు. చుట్టూ పొలాలన్నీ పగుళ్ళిచ్చే నల్లరేగడి. మిరపకాయలు ఆరబోసేందుకు ఇంతకన్నా మంచి కళ్ళం ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి కోతల కాలంలో ఆఖరి గుంత ఆడవాళ్ళది. బంతి కాయల్లో పడితే చేత్తో తీసుకోవచ్చు. కాయ తొక్కితే ఆట ఓడినట్టే. ఏ పుస్తకంలో ఉందని అడక్కండి, ఆ రూలు నాగక్కది.

ఆ బయలు మీద రేపు బళ్ళారి కోర్టులో వాయిదా. దాన్ని ఊరికి నోటిమాటగా ఇచ్చిన ఆసామి నారప ఎప్పుడో పోయాడు. ఊరి ముఖమెరుగని ఆయన మనవడు, లారీల యజమాని, నేల ఖాళీగా పడి ఉంది, తిరిగి ఇప్పించమని కేసు వేశాడు. బయలు పోతే నాగక్క కాయలు రేగడిలో పడి బూజు పడతాయి. ఏడాదంతా ఆమె తినేది ఆ ఒక్క పంట మీదే.

ఆ గుబులు చాలదన్నట్టు ఇప్పుడీ దొంగ. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"కొట్రేశూ, రారా ఈడికి. పట్టపగలే ఎత్తుకపోతాండాడు."

పక్క గుంత దగ్గర ఆడుతున్న ట్రాక్టరు కొట్రేశ్ గాల్ఫ్ కర్ర పైకెత్తి పరిగెత్తుకొచ్చాడు.

"దొంగను కాదప్పా," అన్నాడు ఆ మనిషి. "గుట్ట అవతల మబ్బు కమ్ముకొస్తాండాది. పైకెక్కినప్పుడు చూస్తి."

నాగక్క ఆకాశం చూసింది. కళ్ళు చెదిరే ఎండ.

"మబ్బంట మబ్బు. మా చెవుల్లో పూలు పెడతాండావా?"

"యా ఊరు నీది?" అడిగాడు కొట్రేశ్.

"దూరం."

"కోట చూసేకి వచ్చినోడివి కోట చూసుకొని పోవల్ల. కాయలెందుకు ముట్టుకుంటివి?"

అతను మిగిలిన సగం పట్ట కాయల మీదికి మడిచి, అంచుకు ఒక రాయి పెట్టాడు. నాగక్క అతని చెయ్యి పక్కకు తోసేసింది.

"ముందు నడువు ఈన్నుంచి. నీ మొగమూ, నీ మబ్బూ."

"ఇంకో రాయి పెట్టక్కా. గాలికి లేస్తాది," అని చెప్పి అతను రోడ్డు వైపు నడిచాడు.

గొణుక్కుంటూ పట్ట విప్పబోయింది నాగక్క. అంతలో గాలి లేచింది. గుట్ట తల మీద నుంచి నల్లగా మబ్బు దిగింది. గబగబా ఇంకో రాయి పెట్టి, ఇద్దరూ గుట్ట కింది రాతి మంటపంలోకి పరిగెత్తారు. వాన కుండపోతగా కురిసింది.

వాన వెలిశాక పట్ట ఎత్తి చూశారు. ఒక్క కాయ తడవలేదు.

"పాపం కట్టుకుంటిమి కదరా, కొట్రేశూ."

"నేను కర్ర ఎత్తితి గాని కొట్టలేదు గదక్కా."

"నోటితో కొడితిమి. చాలదా?"

కొట్రేశ్ రోడ్డు దాకా పరిగెత్తి చూసొచ్చాడు. ఎవరూ లేరు. నాగక్కకు సిగ్గేసింది. చేసిన మేలుకు ఒక మంచి మాట కూడా దక్కకుండా పోయాడే అని మనసు పీకింది.

మర్నాడు ఊరంతా బళ్ళారి కోర్టు ముందు చేరింది. చాలాసేపటికి ఊరి తరపు లాయరు చిదానంద నవ్వుతూ బయటికొచ్చాడు.

"కేసు వాపసు తీసుకున్నారు. బయలు ఇంక ఊరిదే."

నాగక్క మెట్ల మీద చతికిలబడింది. గుండెల మీది బండ దిగిపోయింది. నవ్వింది, ఏడ్చింది, పక్కనున్న కొట్రేశ్ వీపు మీద రెండు చరిచింది.

"ఉన్నట్టుండి ఎందుకు తీసుకున్యాడు సార్?" అడిగాడు కొట్రేశ్, వీపు రుద్దుకుంటూ.

"ఇన్నాళ్ళూ వాళ్ళ లాయరే వస్తాండె. ఈ పొద్దు మనవడే వచ్చినాడప్పా. నేల ఖాళీగా పడి ఉండాదనుకొని కేసు ఏస్తి, ఖాళీగా లేదు, అని జడ్జికి చెప్పేసినాడు."

"చల్లగుండల్ల ఆ నాయన. యాడున్నాడు సార్? ఒక్క దండం పెడతా."

"అదిగో, పోతాండాడు చూడక్కా."

చేతులు జోడించి గబగబా మెట్లు దిగిన నాగక్క మధ్యలోనే ఆగిపోయింది. కదులుతున్న కారులో కూర్చున్నది, నిన్న తను దొంగ అని తరిమిన ఆ మనిషే.