తిరిగి రాని దూకు

వాగు అవతల మద్దిచెట్టు మాను మీద తల్లి ఎగిరే ఉడుత ఎదురుచూస్తోంది. ఇవతలి చెట్టు చిటారుకొమ్మన దాని కూతురు కుదురు లేకుండా అటూ ఇటూ తిరుగుతోంది. వాగు దాటడం దానికి ఇదే మొదటిసారి.

"వంపులు తిరుగుతూ రా, వేగం చావాలి. మాను దగ్గరికొచ్చాక తల పైకెత్తు" అని అరిచింది తల్లి.

"ఎందుకు వదినా ఆ తిప్పలు?" అని తల్లినడిగింది, పిల్ల పక్కనే ఉన్న గోరింక. "నువ్వు తిన్నగా పో పిల్లా. గురి తప్పితే చుట్టు తిరిగి మళ్లీ రావచ్చు. నేను రోజూ చేసే పనే."

పిల్ల తిన్నగానే దూకింది. మాను మీదమీదికి వస్తోంది. చుట్టు తిరగడానికి తనకు రెక్కల్లేవని, ఉన్నది కాళ్ల మధ్య సాగే చర్మమేనని దానికి అప్పుడు గుర్తొచ్చింది. ఎడమకు ఒరిగింది, కుడికి ఒరిగింది. చివర్లో తల ఎత్తి పొట్టను గాలికి అడ్డం పెట్టింది. వేగం చచ్చి, మెత్తగా మానుకు అతుక్కుంది.

గోరింక వెనకే ఎగిరొచ్చి వాలింది. "పిల్ల చచ్చి బతికితే, నువ్వు బెల్లంకొట్టిన రాయిలా ఉన్నావే వదినా."

తల్లి కూతురి దగ్గరికి వెళ్దామని కాలెత్తితే, మానులోకి దిగబడిన గోళ్లకు అంటుకుని చెట్టు బెరడు ఊడొచ్చింది.