బండకు అతికించిన ఫోను

“ఇది బొమ్మ మేడమ్. దీన్ని ఆధారం అనరు,” అన్నాడు ఇంజనీరు గోపాలకృష్ణ, బల్ల మీది ఫోనును వేలితో పక్కకు నెడుతూ.

అద్దం పగిలిన పాత ఫోను. దాన్ని తెచ్చిన ఆ ఊరి బ్రహ్మం మళ్లీ బల్ల మధ్యకు జరిపాడు.

అంగన్‌వాడీ వరండాలో విచారణ. మార్కాపురం అవతల పలకల గనికి ఆనుకుని ఉన్న పల్లె అది. గనిలో పేలుళ్లకు ఇళ్ల గోడలు నెర్రెలిచ్చాయి. శేషమ్మ ఇంటి వెనక గోడ మూడు నెలల కిందట కూలిపోయింది. అప్పటినుంచి ఆమె పడక ఈ వరండాలోనే. తప్పు పేలుళ్లదేనని ఇవాళ తేలితే గని ఆగుతుంది, ఆమెకు గోడ లేస్తుంది. తేలకపోతే ఫైలు మూసేస్తారు. గని పల్లె వైపు ఇంకా జరుగుతుంది.

గని మేనేజరు రాలేదు. హైదరాబాదు నుంచి ఇంజనీరును పిలిపించి పంపాడు. పొద్దున కారు దిగినప్పటినుంచి అతనే మాట్లాడుతున్నాడు. గనుల శాఖ అధికారి రేణుక వింటూ రాసుకుంటోంది.

“ఏం చదువుకున్నారు?” అని బ్రహ్మాన్ని అడిగాడు ఇంజనీరు.

“ఎనిమిది. సగంలో మానేసినా.”

“మరి ఫోన్లో అదురు కొలిచే ఈ ప్రోగ్రాం ఎవరు రాశారు?”

“నేనే. పైథాన్‌లో.”

ఇంజనీరు నవ్వాడు. “పైథాన్‌కు ఫోన్ సెన్సర్ అందదు బాబూ. దానికి జావా కావాలి.”

“జావా మీంచి పోయే దోవ ఉంది సార్. ముందు నేనూ అట్లనే పోయినా. సెకనుకు యాభై రీడింగులు కూడా సరిగా రాలా. పేలుడు అదురు రెప్పపాటులో అయిపోతాది. నాలుగు చేతులు మారి వచ్చేలోపల సగం జారిపోతాండె. అందుకని సీ భాషలో చిన్న ముక్క రాసినా. అది ఫోను లోపలి లైబ్రరీనే నేరుగా అడుగుతాది. పైథాన్ ఆ ముక్కను పిలుస్తాది. ఇప్పుడు సెకనుకు నాలుగు వందలు.”

ఇంజనీరు నవ్వు కొంచెం తగ్గింది. “ఎక్కడ నేర్చుకున్నారు?”

“ఈ ఫోన్లోనే. రెండేండ్లు పట్టింది. బెంచీ ఎక్కి నిలబడమనే అయ్యవారు లేడు గదా, పట్టుబడింది.”

వరండా అంచున కూర్చున్న శేషమ్మ ఇటు తిరగలేదు. గోడ కూలిన రోజు నుంచి ఆమె బ్రహ్మంతో మాట్లాడడం లేదు. ఇప్పుడు కూడా స్తంభానికి చెప్పినట్టు అంది.

“వీడా నాకు న్యాయం జేసేది. ఏం మొగం పెట్టుకోని వచ్చినాడో.”

“తిట్టుకో అత్తా. నీ సంగతి తేలేదాక నేను ఈన్నుంచి లేచేది లేదు.”

ఇంజనీరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “సరే. ఈ ఫోను చూపించే అంకెలు నిజమని ఎవరు సరిచూశారు?”

“మేడమ్ వాళ్ల అదురు కొలిచే మిషనే సరిచూసింది. పోయిన నెల నాలుగో తారీకు ఈ వరండాలోనే పెట్టినారు గదా. దాని పక్కనే, ఇదే నేలబండకు, తడి బంకమట్టితో నా ఫోను అతికించినా. ఆ పొద్దు రెండింటి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.”

రేణుక పెట్టి చూసింది. రెండు గీతలూ ఒక్కచోటే లేచాయి, ఒక్కచోటే పడ్డాయి. ఎత్తులో కూడా తేడా లేదు.

“ఆ రోజు అదురు పరిమితి దాటలేదు కదా,” అన్నాడు ఇంజనీరు. “నా రిపోర్టులో ఉన్నదీ అదే.”

“దాటలేదు సార్. మిషన్ పోయినాక నా ఫోను ఇంకో పందొమ్మిది రోజులు ఈ బండకే ఉంది. మిగతా కాగితాలు తిప్పండి మేడమ్.”

రేణుక తిప్పింది. పందొమ్మిదిలో పదిహేడు రోజులు గీత పరిమితి దాటి మూడింతలు పైకి లేచింది. మిగతా రెండూ పేలుళ్లు లేని ఆదివారాలు.

ఇంజనీరు ఒక కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. “అదే గని, అదే పేలుడు మందు. ఒక్క రోజు తక్కువొచ్చి మిగతా రోజులు మూడింతలు వస్తే తప్పు ఫోనుదే అవుతుంది.”

“అంత మందు కాదు సార్ ఆ పొద్దు. మిషన్ వస్తాదని గనికి ముందురోజే కబురొచ్చింది. మూడో వంతే కూరింది.”

“ఎవరు చెప్పారు మీకు?”

బ్రహ్మం ఫోను అద్దం మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు.

“చూశారా మేడమ్, గాలి మాటలు,” అన్నాడు ఇంజనీరు. గ్లాసులో నీళ్లు చూపించాడు. “పొద్దున్నుంచి కూర్చున్నాం. ఈ నీళ్లు ఒక్కసారైనా కదిలాయా?”

“ఈ పొద్దు కదలవులే సార్.”

“అంటే?”

“కదలవు. అంతే.”

శేషమ్మ మొదటిసారి తల తిప్పి బ్రహ్మం వైపు చూసింది.

రేణుక కాగితాలు సర్దింది. “గీతలు బాగున్నాయి. కానీ ఆ రోజు మందు తగ్గించారన్న మాట మీద ఎవరో ఒకరు నిలబడాలి. పేరుతో, సంతకంతో. లేకపోతే వీటిని నేను ఫైల్లో పెట్టలేను. ఫైలు ఇవాళే మూసేయాలి.”

“నేను నిలబడతా. కాగితం ఇయ్యండి.”

“ఆలోచించుకోండి. రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు.”

“రెండేండ్ల నుంచి ఆలోచిస్తానే ఉండా మేడమ్.”

“చదువు ఎంతో కూడా రాయించండి,” అన్నాడు ఇంజనీరు, బ్యాగు జిప్పు లాక్కుంటూ.

“రాస్తా సార్. ఎనిమిది అని పెద్దక్షరాలతో రాస్తా. దాచుకునేదేం లేదు ఇంక.”

రేణుక వాంగ్మూలం కాగితం అతని ముందుకు జరిపింది.

బ్రహ్మం పేరు రాశాడు, వయసు రాశాడు, చదువు ఎనిమిది అని రాశాడు, వృత్తి అని ఉన్నచోట ‘పన్నెండేళ్లుగా ఈ గనిలో తూటాలు పెట్టి పేల్చే పని’ అని రాసి కింద సంతకం చేశాడు.