అంజన్న చెప్పిన పావుగంట

"దించాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు అంజన్నా!"

పొయ్యి మీద ఉన్నది పసుపు కడాయి కాదు. నీలవ్వ పెట్టిన రెండు గ్లాసుల చాయ. అయినా అంజన్న నుదుట చెమటలు పట్టాయి.

"నాకేం ఎరుక పటేలా? మా నీలవ్వనడుగు."

"నువ్వు దించమంటెనే తాగుత. లేకుంటే తాగకుంటనే పోత."

గడప మీద చతికిలబడ్డ హనుమాన్లు పటేల్ లేచేటట్టు కనబడలేదు. అంజన్న గిన్నె వైపు చూశాడు, పెళ్లాం నీలవ్వ వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

"దించు," అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకున్నంత చిన్నగా.

చాయ భేషుగ్గా ఉంది. పటేల్ రెండు గ్లాసులూ తానే తాగి వెళ్లిపోయాడు.

ఒకప్పుడు ఆర్మూర్ చుట్టుపక్కల ఎవరు పసుపు ఉడకబెట్టినా అంజన్న రావలసిందే. కడాయి మీద కప్పిన గోనెపట్టా లేపి, ఆవిరి వాసన చూసి, ఒక కొమ్ములో పుల్ల గుచ్చి, "ఇంకో పావుగంటకు దించుండ్రి" అని పక్క చేనుకు వెళ్లిపోయేవాడు. గడియారం చూసేవాడు కాదు. ఆయన పావుగంట తప్పిందన్న మాట ఎవరూ వినలేదు.

అలాంటిది పోయినేడు, ఒక ఆదివారం పొద్దున, ఈ పటేల్ కడాయి దగ్గరే తప్పింది. పావుగంట అని చెప్పి వెళ్లి, రెండు చేలు తిరిగి వచ్చేసరికి పసుపు మెత్తటి ముద్దయి కూర్చుంది. "నువ్వు చెప్పినట్టే దించిన," అన్నాడు పటేల్. ఎండిన ఆ కొమ్ముల్ని మార్కెట్లో వ్యాపారులు విరిచి చూసి మొహం చిట్లించారు. పటేల్ మాత్రం అంజన్నను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా అంజన్న మనసు తేలికపడేదేమో.

ఆ రోజు పుల్లను చూరులో గుచ్చేసి, ఇంకెవరు పిలిచినా పోలేదు. తాళం వేసి నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి లాగి చూసుకునేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నీలవ్వ అడిగితే, "నువ్వే చెప్పు" అనేవాడు. తన నోటి మీద తనకే నమ్మకం పోయింది.

మళ్లీ పసుపు తవ్వే రోజులొచ్చాయి. ఈ ఏడూ పోకపోతే ఇక ఎప్పటికీ పోలేడని నీలవ్వ భయం. సరిగ్గా అప్పుడే పటేల్ దిగబడ్డాడు.

"కడాయి ముచ్చట వద్దు. రోజుకొక్క చాయ, గంతే," అన్నాడు.

రోజూ పొద్దున్నే వచ్చేవాడు. ఆదివారం మాత్రం టీవీలో సీరియల్ అయ్యాకే. ఆ గల్లీలో టీవీ ఆయన ఇంట్లోనే ఉంది. ఇల్లు కాలిపోతున్నా ఆ గంటసేపు ఆయన కుర్చీలోంచి లేవడని అందరూ నవ్వుకునేవారు.

వారం రోజులు చాయ. తర్వాత మక్క కంకులు. ఆ తర్వాత మూత తియ్యకుండా కందగడ్డలు, అవే చిలగడదుంపలు. ఆ రోజు అంజన్న తొందరపడి దించమన్నాడు. గడ్డలు లోపల పచ్చిగానే ఉన్నాయి.

"చూసినవా? నాతోని కాదు పటేలా!"

పటేల్ ఆ పచ్చిగడ్డనే కరకర నమిలాడు. "నా పండ్లు గట్టిగనే ఉన్నయి. రేపు మళ్ల పెట్టు."

మర్నాడు సరిగ్గా ఉడికాయి. ఆ మర్నాడు చిన్న గంజులో పది పసుపు కొమ్ములు. అవీ కుదిరాయి. అంజన్న తాళాన్ని ఒక్కసారే లాగి చూడడం మొదలుపెట్టాడు.

"ఎంత పెద్ద మనసు పటేలా!" అంది నీలవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నీ పంట ఖరాబ్ చేసినోనికి నువ్వే ధైర్యం చెప్పవడ్తివి."

"జర నీళ్లియ్యి," అన్నాడు పటేల్, వంగి చెప్పులు వెతుక్కుంటూ. నీళ్లు తెచ్చేలోపే వెళ్లిపోయాడు.

ఒక శనివారం అసలు మాట బయటపెట్టాడు. "రేపు నా కడాయి. నువ్వే చూడాలె."

అంజన్న తల అడ్డంగా ఊపాడు. నీలవ్వ మాత్రం చూరులోంచి పుల్ల లాగి, బూజు దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున పటేల్ ఇంటి వెనక చేనులో కడాయి కుతకుతలాడుతోంది. అంజన్న గోనెపట్టా లేపాడు. ఆవిరి మొహానికి కొట్టింది. పుల్ల గుచ్చాడు. చాయ, కంకులు, పచ్చిగడ్డ, పది కొమ్ములు అన్నీ గుర్తుకొచ్చాయి.

"పావుగంట," అన్నాడు. ఈసారి గట్టిగానే.

"అయితే ఇంక పో. లచ్చన్న చేన్ల గూడ నీ కోసం సూస్తున్నరు."

అంజన్న నాలుగడుగులు వేశాడు. ఇంట్లోంచి పటేల్ మనవరాలు తార కేకేసింది. "తాతా! సీరియల్ షురువైంది! జల్ది రా!"

పటేల్ కదల్లేదు. చేతి గడియారం మీదే చూపు పెట్టి, పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంజన్నకు వెనక్కి వచ్చి చూడాలని ప్రాణం పీకింది. అయినా వెనక్కి తిరగలేదు.

తిరిగొచ్చేసరికి పసుపు నేల మీద కుప్పగా ఆవిర్లు కక్కుతోంది. ఒక కొమ్ము తీసి బొటనవేలితో నొక్కాడు. మెత్తగా దిగింది, చితకలేదు. విరిచాడు. లోపల నిండు రంగు. అంజన్న అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఏడ్చాడు.

"నా పావుగంట తప్పలే పటేలా! నీ పుణ్యమే ఇది!"

పటేల్ నవ్వలేదు. గడియారం విప్పి జేబులో వేసుకుని, నేల చూపులు చూశాడు.

"పోయినేడు నేను సీరియల్ అయిపోయినంకనే దించిన, అంజన్నా."