ఈ ఏడాది డేగలు ఎగరవు

బేకరీ నుంచి ఇలారియో ఫోన్ చేయగానే దోన్యా సెనయిదా స్టవ్ ఆపేసింది. వరండాలో కట్టిన జట్టు పసుపు జెండా విప్పి పరుపు కింద దాచింది.

వచ్చినవాడు రాజధాని సాన్ హువాన్ మనిషేనట. తెల్ల కారు, మెరిసే బూట్లు. కాఫీ చెప్పి, కూర్చోకముందే అడిగాడట, ఈ సీజన్‌లో మీ డేగల జట్టు ఎలా ఆడుతుందని.

"నువ్వేం చెప్పావు?"

"చావు కబురు చెప్పినట్టు చెప్పాను," అన్నాడు ఇలారియో. "మీ వీధికే వస్తున్నాడు. పొడుగోణ్ణి కుంటమను."

ఇది ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు. రెండేళ్ళ కిందట పోటీలు మొదలవబోతుండగా ఇలాగే ఒకడొచ్చాడు. ఈ పెన్యా ఆల్తా జనం ఎగబడి తమ జట్టు గొప్పలన్నీ చెప్పారు. వారం తిరక్కుండా రాజధాని జట్టు ఈ ఊరి మేటి ఆటగాణ్ణి ఎగరేసుకుపోయింది. అప్పటినుంచి ముక్కూ మొహం తెలియనివాడు బాస్కెట్‌బాల్ ఊసెత్తితే ఈ కొండ ఊళ్లో అందరిదీ ఏడుపు మొహమే.

సెనయిదాకి మాత్రం అది ఆట గొడవ కాదు. బయటి దేశాల నుంచి వచ్చే ఆటగాళ్ళకు ఏటా ఆమె ఇంట్లోనే బస. ఒక్కొక్కడూ గుమ్మంలో వంగి ఆమెను కావలించుకుని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళినవాడే. తిరిగొచ్చినవాడు లేడు. వాళ్ళు వెళ్ళిన రోజు దుప్పటి ఉతకడానికి కూడా ఆమెకు చేతులు రావు.

ఈ ఏడు టాలివర్ వచ్చాడు. అలబామా వాడు. మంచం చాలక కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పడుకుంటాడు. అతనుంటే కప్పు మనదేనని కోచ్ నమ్మకం. జట్టు యజమాని పోయిన దగ్గర్నుంచి ఆయన భార్య డబ్బుకు కిందా మీదా పడి జట్టును లాక్కొస్తోంది. ఇప్పుడు టాలివర్ కూడా పోతే ఇక ఆడేదేముంది?

అతను చేతికర్రతో వంటింట్లోంచి కుంటుకుంటూ వచ్చాడు.

"పొద్దున ఎడమ కాలన్నావు, ఇప్పుడు కుడి కాలా? ఏదో ఒకటి ఖాయం చేసుకో నాయనా," అంది సెనయిదా.

"నొప్పి తిరుగుతోంది మామ్మా," అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

"ఆ పళ్ళు కనపడనీకు. ఇలా నవ్వితే నిన్ను ఇవాళే మూట కట్టి పట్టుకుపోతాడు."

తెల్ల కారు ఆమె ఇంటికి వచ్చేసరికి దారి పొడవునా అందరి ఏడుపూ అయిపోయింది. కోచ్ తాగుడు గురించి మంగలి చెప్పాడు. నిజానికి ఆ కోచ్ కొబ్బరి నీళ్ళు తప్ప ఏదీ ముట్టడు. నిరుడు ఆట త్వరగా అయిపోవాలని దేవుణ్ణి ప్రార్థించానని పాదిరి చెప్పి, ఆ వెంటనే సిలువ గుర్తు వేసుకున్నాడు. స్టేడియంలో మనుషుల కన్నా పావురాలు ఎక్కువని అరటిగెలల దుకాణం వాడు చెప్పాడు.

వచ్చినతను మర్యాదస్తుడు. బూట్లు బయట విప్పబోయాడు. టాలివర్ కర్రను, కట్టు కట్టిన మోకాలిని చాలాసేపు చూశాడు. ఎప్పటికి తగ్గుతుందని అడిగాడు.

"మెట్లెక్కలేకపోతున్నాడు బాబూ. రాత్రంతా మూలుగే," అంది సెనయిదా.

మిగతావాళ్ళ మాటేమిటన్నాడు. ఒకడికి పెళ్ళి గోల, ఒకడికి బద్ధకం, మిగిలినవాళ్ళకు బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతే తెలియదని చెప్పింది. అతను నవ్వలేదు. కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"మీ ఊరి వాళ్ళు ఆట చూడ్డానికి వెళ్తారా అమ్మా?"

"ఎవరికి ఖాళీ ఉంది?"

"పోనీ, అసలు జట్టే లేదనుకోండి. మీకేమైనా లోటుగా ఉంటుందా?"

ఆట ఉన్న రోజుల్లో ముందు వరసలో కూర్చుని అరిచి అరిచి మర్నాడు మాట పెగలని మనిషి సెనయిదా. ఒక్క మాట జారినా ఈ పిల్లాణ్ణి తీసుకుపోతాడన్న భయం ఆమె చేత అబద్ధాన్ని బాగా చెప్పించింది.

"లోటేముంది బాబూ. ఆ డప్పుల గోల లేకపోతే హాయిగా నిద్రపోతాం."

అతను కాఫీ బాగుందన్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, నిజం చెప్పినందుకు సంతోషం అన్నాడు. ఆ మాటకు ఆమె ఎటో చూసింది.

కారు స్టేడియం దగ్గర ఆగింది. అతను దిగి, మూసి ఉన్న తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మేడల మీంచి ఊరంతా చూస్తోంది. తర్వాత కారు ఘాట్ రోడ్డు దిగింది.

కారు ఊరి చివరి వంతెన దాటిందని కబురు రాగానే పరుపుల కిందినుంచి జెండాలు బయటికొచ్చాయి. ఎవరో డప్పు అందుకున్నారు. టాలివర్ చేతికర్ర గిరాటేసి సెనయిదాను చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. దింపరా అని తిడుతూనే ఆమె అతని మెడ వదల్లేదు. వీడు ఎక్కడికీ పోడు. ఈ ఏడాదికి వీడు తన దగ్గరే.

అవతల, వంతెన దాటి మామిడిచెట్ల కింద కారు ఆపుకున్న ఆ మనిషి, డేగల జట్టును కొని పెన్యా ఆల్తాలోనే ఉంచేద్దామని సంతకానికి కలం పట్టుకుని కూర్చున్న తన యజమానికి ఫోన్ చేసి, "వద్దండీ, ఊరే వదిలేసుకున్న జట్టును మనం నిలబెట్టలేం," అన్నాడు.