అప్పజెప్పిన పాఠం

"మళ్ళీ చెప్పండి," అంది టీచరు.

హోటల్ గదిలో మంచం అంచున కూర్చుని ఆమె భర్త ఆ పరాయి భాష వాక్యాన్ని మళ్ళీ అన్నాడు. నాలుక మడతపడింది.

"చివరి మాట మింగేస్తున్నారు. ఇంకోసారి."

"చాల్లే టీచరమ్మా! నేనేమన్నా నీ ఏడో తరగతి పిల్లాణ్ణా?"

"దేశం కాని దేశం. షుగర్ పడిపోతే ఎవరికి ఏమని చెప్తారు? 'ఒంట్లో బాగోలేదు, తియ్యటిదేదైనా ఇవ్వండి' అని ఒక్క ముక్క. అది కూడా రాకపోతే ఎలా?"

ఆ భాష వచ్చింది ఆమె ఒక్కదానికే. ఎనిమిదేళ్ళ కూతురు చనిపోయిన నెలకి పుస్తకాలు తెప్పించుకుని ఏడాదిపాటు నేర్చుకుంది. "పోన్లే, ఏదో ఒక వ్యాపకం," అన్నాడతను. సెలవుల్లో ఈ ప్రయాణం పెట్టింది కూడా ఆమే.

మొదటి రోజు నది పక్కన కాళ్ళు పీకేదాకా నడిచారు. రెండో రోజు ట్రామెక్కి తప్పు స్టాపులో దిగారు. నవ్వుకున్నారు కూడా. ట్రాములో పక్క సీటావిడ మీద అతను తన వాక్యాన్ని ప్రయోగించబోతే టీచరు చెయ్యి పట్టుకుంది.

"ఊరికే అనకండి. అంబులెన్సు పిలుస్తారు."

ఆ సాయంత్రం ఫౌంటెన్ దగ్గర ఎర్ర గౌను వేసుకున్న పాప పరిగెడుతుంటే ఆమె నిలబడిపోయింది. అతను నిట్టూర్చాడు.

"ఇక్కడికొచ్చి కూడా అదేనా? మామూలు జ్వరమే అనుకున్నా. పక్కింటివాళ్ళు కారు తెస్తే, 'ఏం కాలేదు, కాసేపు అలా వదిలేయండి' అన్నా. అంత పని జరుగుతుందని కలగన్నానా?"

"ఆ రోజు నేను బళ్ళో ఉన్నాను," అంది ఆమె.

మూడో రోజు పొద్దున అతను ఇన్సులిన్ వేసుకున్నాక, దారిలో తిందామని బయల్దేరదీసింది. పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టింది.

"రొట్టెలు తెస్తాను. కదలకండి."

గ్లూకోజు బిళ్ళలు ఎప్పటిలాగే ఆమె సంచిలోనే ఉన్నాయి.

కాసేపటికి అతని చొక్కా తడిసి ముద్దయింది. చేతులు మాట వినడం మానేశాయి. ఎదురుగా పళ్ళరసాల బండి. బండి దగ్గరున్న ఆవిడ చూసింది. గ్లాసు నింపుకుని గబగబా వచ్చింది. వంగి ఏదో అడిగింది.

బుర్ర మొద్దుబారింది. అంతలో వాక్యం మొత్తం గుర్తొచ్చింది. చివరి మాట మింగకుండా, స్పష్టంగా అప్పజెప్పాడు.

ఆవిడ ఆగింది. తలూపింది. గ్లాసుతో వెనక్కి నడిచింది.

అతను బెదిరిపోయి మళ్ళీ అన్నాడు, ఇంకా గట్టిగా. అటు రాబోతున్న మరో ఇద్దరిని ఆవిడ చేత్తో వారించింది.

పార్కు గేటు దగ్గర రొట్టెల పొట్లంతో నిలబడి, టీచరు అతనితో పాటే పెదవులు కదిపింది, తెలుగులో: "ఏం కాలేదు, కాసేపు అలా వదిలేయండి."