తమ్మి దారి బత్తెం

ఆ చెరువు ఎంత పెద్దదంటే, ఈ ఒడ్డున ఎవరైనా తుమ్మితే ఆ ఒడ్డు వాళ్లు ‘చిరంజీవ’ అనేసరికి జలుబే తగ్గిపోయేది. చలికాలం గడపడానికి మంచుకొండల్ని దాటి అక్కడికి బాతులు వచ్చేవి. వాటిలో తమ్మి అనే పడుచు బాతు ఒక్క రెక్క ఊపుతో మేఘాన్ని రెండుగా చీల్చేసేది.

ఎండలు ముదరగానే తమ్మికి తాను పుట్టిన సరస్సు మీద బెంగ పట్టుకుంది. ఆ చల్లని నీళ్లు, అమ్మ గూడు కట్టిన రెల్లుదుబ్బు కళ్లలో మెదిలేవి. ప్రయాణం కోసం బాతులన్నీ గింజలూ నాచూ తెగ మేస్తున్నాయి. తమ్మి పొట్ట కూడా గుండ్రమైంది.

ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ నవ్వింది. “ఏంటమ్మాయ్, ఈ ఒళ్లేసుకుని కొండలు దాటుతావా? మేత మానెయ్. నాలా తేలిగ్గా ఉంటే గాలే మోసుకుపోతుంది.”

తొందరగా ఇల్లు చేరాలన్న ఆశతో తమ్మి మేత మానేసింది.

గుంపులోనే ఉన్న పిన్ని బాతు బతిమాలింది. “అది కొవ్వు కాదే, దారి బత్తెం. ఆకాశంలో నీకు వండిపెట్టేదెవరు? ఆ కొంగ ఈ చెరువు దాటి ఎన్నడైనా వెళ్లిందా?”

తమ్మి వినలేదు.

బయల్దేరిన రోజు, గుంపు లేచిన గాలికి తాటిచెట్లు నేలదాకా వంగి లేచాయి. వాటి తలలు దాటేసరికి తమ్మి రెక్కలు వణికాయి. ఎండుటాకులా తిరుగుతూ నీళ్లలో రాలింది.

“వెనక బయల్దేరే గుంపుతో వచ్చెయ్యవే. ఈలోపు తిను,” అని పైనుంచి పిన్ని అరిచింది.

“నడుము ఎంత నాజూగ్గా ఉందో చూసుకో,” అంది కొంగ.

తమ్మి నీళ్లలోకి చూసుకోలేదు. ఉత్తరాన పిన్ని చుక్కై కరిగిపోయేదాకా చూసి, ఏడుస్తూనే తల ముంచి నాచు మేయసాగింది.