ఎత్తిన చెయ్యి

పెన్సిళ్ళ డబ్బా నేలమీద బోర్లాపడింది.

ఏరుకునే నెపంతో క్లాసు క్లాసంతా బల్లల కిందకి దూరింది.

"లేవండి! ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండి!" ట్రైనీ టీచర్ అరిచింది.

తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా? ఒకడు బల్ల కింద కుక్కలా మొరుగుతున్నాడు. పక్కనున్న పిల్ల వాడికి బిస్కెట్ వేస్తోంది.

టీచర్ చదువులో ఆఖరి మెట్టు కోసం ఆ అమ్మాయి దేశం కాని దేశం వచ్చింది. ఈ ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పి పాసైతేనే పట్టా. ఫెయిలైతే పెట్టె సర్దుకుని ఇంటికి. అక్కడ వాళ్ళమ్మ 'మా అమ్మాయి ఫారిన్లో టీచరు' అని వీధి వీధంతా అప్పుడే చాటింపు వేసేసింది.

ఈ క్లాసు అసలు టీచర్ జబ్బు చేసి సెలవులో ఉన్నారు. ఆయన్ని ఆ అమ్మాయి చూడనైనా లేదు. 'ఎవరో మహానుభావుడు గారాబం చేసి చెడగొట్టిపోయాడు' అని రోజూ తిట్టుకునేది.

ఎల్లుండి హెడ్ మేడమ్ క్లాసుకి వచ్చి చూస్తానన్నారు. ఈ గోల చూస్తే ఇక పాసయినట్టే!

అంతలో గోల టక్కున ఆగింది.

పిల్లలందరూ కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డారు.

"ఏంటి? అందరికీ ఒకేసారి డౌటొచ్చిందా?"

ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి.

తను చదువుకున్న బడిలో చెయ్యెత్తితే డౌటు అడగడానికి, లేదంటే బాత్రూంకి. రెండూ కాకపోతే ఇది వెక్కిరింతే. ఇంతకుముందూ ఇలాగే చేశారు.

ఈసారి వాళ్ళ చూపులు ఎటున్నాయో గమనించింది. కిటికీ వైపు.

కంచె అవతల, రోడ్డు పక్కన ఒక మనిషి. తలమీద టోపీ, మెడచుట్టూ మఫ్లర్. అతని చెయ్యి కూడా పైకే ఉంది.

ఆ అమ్మాయి చప్పున వెనక్కి తిరిగింది.

"ఎవరతను?" ముందు బెంచీ పాపని అడిగింది.

పాప తల దించుకుంది.

"చెప్పమ్మా, ఏమీ అనను."

"చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

పాప కిటికీ వైపు చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ముక్కూ మొహం తెలియని మగవాడు. పిల్లలకి సైగలు. పైగా ఎవరికీ చెప్పొద్దని వాళ్ళ దగ్గర మాట తీసుకోవడం! హెడ్ మేడమ్‌కి చెబుదామంటే ఊళ్ళో లేరు, మీటింగుకి వెళ్ళారు.

మర్నాడు ఆటల వేళ అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి కంచెని ఆనుకుని నిలబడ్డాడు.

ముందు బెంచీ పాప అతని దగ్గరికి పరుగెడుతోంది.

ఆ అమ్మాయి ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్క ఉరుకున వెళ్ళి ఇద్దరికీ మధ్య నిలబడింది.

"ఎవరు నువ్వు? ఇక్కడేం పని?"

అతను నోరు తెరిచాడు. ఏమీ అనకుండానే మూశాడు.

"నిన్నే! మా పిల్లలతో నీకేం పని?"

అతను చెయ్యి పైకెత్తాడు.

కొడతాడనుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు. పాపని తన వెనక్కి లాక్కుని, "వాచ్‌మన్!" అని బడి అదిరేలా కేకపెట్టింది.

ఆ వారమే పనిలో చేరిన వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, నీకు చెవుడా? పోతావా, పోలీసుల్ని పిలవమంటావా?"

అతను వాచ్‌మన్‌ని పట్టించుకోలేదు. ఆ అమ్మాయినే చూస్తూ చిన్నగా నవ్వాడు. మఫ్లర్ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఎంత పొగరండీ టీచరమ్మా! తిడితే నవ్వుతాడు!" వాచ్‌మన్ పళ్ళు నూరాడు.

పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"భయపడకు బంగారం. ఇంక రాడులే."

ఆ మాటకి పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

హెడ్ మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. పిల్లలు మూడు చెరువుల నీళ్ళు తాగించారు. ఆ అమ్మాయికి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మాటిమాటికీ కిటికీ వైపు చూసింది. కంచె దగ్గర ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

హెడ్ మేడమ్ నెమ్మదిగా చెయ్యి పైకెత్తారు. పిల్లలందరూ చేతులెత్తి, ఎక్కడివాళ్ళక్కడ గప్‌చుప్ అయిపోయారు.

"ఇది నీకెవరూ చెప్పలేదా అమ్మాయ్? ఈ క్లాసులో అరవడం ఉండదు. చెయ్యెత్తితే 'ఇక చాలు, మాటలాపండి' అని. మీ క్లాసు టీచర్ చేసిన అలవాటు."

"తెలీదు మేడమ్." ఆ అమ్మాయికి కన్నీళ్ళొచ్చాయి. "నేను ఫెయిలేనా?"

హెడ్ మేడమ్ ఆమెను వరండాలోకి తీసుకెళ్ళారు. అప్పుడు కనిపించింది, ఆవిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మీ క్లాసు టీచర్ ఇక లేరు. రాత్రి గొంతుకి ఆపరేషన్... తట్టుకోలేకపోయారు. పిల్లలకి ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"అయ్యో! ఆయన్ని ఒక్కసారైనా చూడలేకపోయాను మేడమ్."

"చూశావు."

"నేనా? ఎప్పుడు?"

"మాట పడిపోయినా ఇంట్లో ఉండలేక పిల్లల్ని చూడ్డానికి వస్తున్నారట. ఎవరో తెలిస్తే నువ్వు బెదురుతావని, నీకు చెప్పొద్దని పిల్లలకి ముందే కాగితమ్మీద రాసి చూపించారట. నాకూ నిన్న సాయంత్రమే తెలిసింది, ఆస్పత్రికి వెళ్తే."

ఆ అమ్మాయి వరండాలోంచి కంచె వైపు చూసింది.

"'ఆ అమ్మాయిని పాస్ చెయ్యండి, పిల్లల జోలికి ఎవరైనా వస్తే ప్రాణం అడ్డేస్తుంది, ఇక నాకు బెంగలేదు' అని ఫోన్లో టైపు చేసి నాకు చూపించింది, నువ్వు కంచె దగ్గర్నుంచి గెంటించిన ఆ మనిషే."